నాన్నగారికి, మేరీలాండ్ నుంచి 75 గంటల సంగతి

జర్మన్‌టౌన్, మేరీలాండ్

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. అమ్మకి మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయని తమ్ముడు చెప్పాడు. విని మనసు కుదుటపడింది.

పోయిన ఆదివారం ఫోన్‌లో మీరు అడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "పిల్లాడు సేవ చేయకపోతే హైస్కూల్ పాస్ చేయరా? బలవంతంగా చేయిస్తే అది సేవ ఎలా అవుతుందమ్మా?" అన్నారు. జూనియర్ కాలేజీలో అన్నేళ్లు ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) ప్రోగ్రాం ఆఫీసరుగా చేసిన మనిషి అడిగితే ఏదో ఒకటి చెప్పి దాటేయలేను కదా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

మా కౌంటీలో (మన జిల్లా లాంటిది) ప్రభుత్వ బడి పిల్లలు హైస్కూల్ పూర్తయ్యేలోపు 75 గంటల సేవ చేయాలి. రాష్ట్ర విద్యా బోర్డు 1992లో ఈ నియమం పెట్టింది, 1997లో బయటికొచ్చిన బ్యాచ్‌తో అమలైంది. రాష్ట్రమంతటికీ ఇలాంటి షరతు పెట్టడంలో అమెరికాలో మేరీలాండే మొదటిది. దీని వెనక బాగా పనిచేసినావిడ ఒకప్పటి అధ్యక్షుడు కెనడీకి తమ్ముడైన రాబర్ట్ కెనడీ కూతురు కాథ్లీన్ కెనడీ టౌన్‌సెండ్. తర్వాత ఇదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ (గవర్నర్ తర్వాతి పదవి) కూడా అయ్యారు. అయిదో తరగతి అయిపోయిన వేసవి నుంచే గంటలు లెక్కలోకి వస్తాయి. పేదలకి తిండి సరుకులిచ్చే ఫుడ్ బ్యాంకులో డబ్బాలు సర్దడమా, లైబ్రరీలో చిన్నపిల్లలకి సాయమా అన్నది పిల్లలే ఎంచుకోవచ్చు. జీతం వచ్చే పని, ఇంటి పని, మతబోధ మాత్రం కుదరవు. పని చేయించుకున్న సంస్థవాళ్లు సంతకం పెట్టాలి, చేసినదాని గురించి పిల్లలు కొంత రాయాలి.

మీరు అడిగిన ప్రశ్నతోనే ఇక్కడ కొందరు కోర్టుకి కూడా వెళ్లారు. పెన్సిల్వేనియాలోని బెత్లెహెమ్‌లో 60 గంటల నియమం ఉండేది. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణకి అది విరుద్ధమనీ, పిల్లల చేత వెట్టి చేయించడమేననీ వాదించారు. 1993లో అప్పీలు కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. న్యూయార్క్, నార్త్ కరోలినాల నుంచి వచ్చిన కేసుల్లో 1996లోనూ అదే తీర్పు. నిజాం కాలంలో వెట్టి ఎలా ఉండేదో తాతయ్య నోటి వెంట విన్నదాన్ని నేను. ఈ పిల్లల పనిని దాని పక్కన పెట్టడం నాకు అస్సలు నచ్చలేదు.

ఎన్‌ఎస్‌ఎస్‌లో రెండేళ్లకి 240 గంటలు చేసినా అది స్వచ్ఛందమే కదా అని మీరంటారు. నిజమే. కానీ ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి, నాన్నా. మీ క్యాంపులకి ఆడపిల్లలు ఎంతమంది వచ్చేవారు? రావాలని లేక కాదు, ఇంట్లో పంపక. మీరు సైకిలు వేసుకుని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, "నా కూతురిని కూడా తీసుకెళ్తున్నానండీ, మీ అమ్మాయి బాధ్యత నాది" అని బతిమాలేవారు. అయినా సగంమంది తండ్రులు తల అడ్డంగా ఊపేవారు. పిల్లల ఇష్టానికి వదిలేశామని మనం అనుకున్నాం గానీ, అక్కడ నడిచింది పెద్దల ఇష్టం.

ఇక్కడ మన తెలుగు ఇళ్లలోనూ అంతే. శని, ఆదివారాలు లెక్కల క్లాసు, రోబోటిక్స్, కూచిపూడి, కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్‌ఏటీ పరీక్ష కోచింగ్. ఈ నియమమే లేకపోతే "వాగులో చెత్త ఏరతాను" అన్న పిల్లాడిని ఏ తల్లి పంపుతుంది? ముందు చదువు సంగతి చూడమంటుంది. నా దృష్టిలో ఈ 75 గంటల బలవంతం పిల్లల మీదకన్నా మా మీదే ఎక్కువ. అలా ఉండటమే మంచిదని నా నమ్మకం.

వాగు అన్నాను కదా, అది మీ మనవడి సంగతే. మా ఇంటికి దగ్గర్లో సెనెకా క్రీక్ అనే ఏట్లో కలిసే చిన్న వాగు ఒకటుంది. పెద్దోడు మొదట గంటల కోసమే వెళ్లాడు. రబ్బరు బూట్లు వేసుకుని టైర్లు, థర్మాకోల్ ముక్కలు, వేర్లకి చుట్టుకున్న సంచులు, లెక్కలేనన్ని ప్లాస్టిక్ సీసాలు లాగి పోశారు. ఓ పెద్ద వాన పడ్డాక వెళ్తే శుభ్రం చేసిన చోటే మళ్లీ అంత చెత్త. వాడికి చెప్పలేనంత కోపం వచ్చింది. ఆ పని చూసే పెద్దావిడ, రిటైరైన టీచరు, వాడిని పక్కనున్న షాపుల పార్కింగ్‌కి తీసుకెళ్లి వాననీటి కాలువ మూత చూపించింది. ఇక్కడ పారేసినది నేరుగా వాగులోకి, అక్కడి నుంచి సెనెకా క్రీక్‌కి, పొటోమాక్ నదికి, చివరికి చెసపీక్ బే అనే అఖాతానికి చేరుతుందని చెప్పింది. దుకాణంలో ఇచ్చే ఒక్కో సంచికి మా కౌంటీలో 2012లో 5 సెంట్ల పన్ను పెట్టారనీ, ఆ డబ్బు నీటిని కాపాడే నిధికి వెళ్లేదనీ వాడికి అప్పుడే తెలిసింది.

ఆ రాత్రి అన్నం తింటూ ఒకటే ప్రశ్నలు. న్యూయార్క్‌లో సీసా తిరిగిస్తే 5 సెంట్లు ఇస్తారు, మేరీలాండ్‌లో ఎందుకు ఇవ్వరు? మన చిన్నప్పుడు గోలీ సోడా తాగి సీసా కొట్లోనే ఇచ్చేసేవాళ్లమని చెప్తే ఆశ్చర్యపోయాడు. బడికి రాయాల్సిన కాగితంలో అదే రాశాడు. గంటలు నిండినా ఇంకా వెళ్తున్నాడు.

అందరికీ ఇలా జరగదు. చాలామంది పిల్లలు బల్లల మీద కాగితాలు మడతపెట్టి, ఎందుకో తెలియకుండానే ఫారం నింపుకుని వస్తారు. మీరు విద్యార్థులతో వేయించిన మట్టి రోడ్డు మరుసటి వానాకాలానికే కొట్టుకుపోయిందని ఎంత బాధపడ్డారో నాకు గుర్తుంది. ఆ పెద్దావిడ లాంటి మనిషి పక్కన లేకపోతే ఇక్కడి పనీ అంతే అవుతుంది.

నాకు కోపం తెప్పించేది ఇంకోటి ఉంది. తెలిసినాయన ఒకరు తన సంస్థ పేరు మీద పిల్లలకి చేయని గంటలకి కూడా సంతకం పెట్టిస్తానన్నారు. మా ఇంట్లో ఆ మాట ఎత్తొద్దని చెప్పేశాను. పదిహేనేళ్ల పిల్లాడికి మనమే దగ్గరుండి అబద్ధం నేర్పిస్తామా?

పెద్దోడి స్నేహితుడి సంగతి వేరు. సాయంత్రాలు హోటల్లో పని, ఇంటికెళ్లాక మంచం పట్టిన నాయనమ్మకి అన్నం తినిపించడం. ఆ రెండూ లెక్కలోకి రావు. నియమం ఉండాల్సిందే, కానీ అలాంటి పిల్లలు ఇంట్లో చేసే సేవకి కొన్ని గంటలైనా ఇవ్వాలని బడిలో తల్లిదండ్రుల మీటింగులో అడగబోతున్నాను. టెన్షన్‌గానే ఉంది, అయినా అడుగుతాను.

మీతో ఒక పని ఉంది. క్యాంపుల రోజుల్లో మీరు రాసుకున్న డైరీలు ఖమ్మం ఇంట్లో అటక మీదే ఉండాలి. తమ్ముడి చేత దింపించి, ఆ రోడ్డు గురించి రాసిన పేజీలు ఫొటో తీసి పంపండి. పెద్దోడికి తెలుగు చదవడం ఇంకా కూడబలుక్కోవడమే, నేను పక్కన కూర్చుని చదివిస్తాను. మీరు మాత్రం నిచ్చెన ఎక్కొద్దు.

మీ అమ్మాయి