నాలుగు తగిలిస్తే తప్పేంటన్నావు కదా

ఒరేయ్ శ్రీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "గంజాయి బ్యాచ్‌ని పోలీసులు నడిరోడ్డు మీద నాలుగు తగిలిస్తే నీకేంట్రా నొప్పి" అన్నావు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డుపడతావని రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

పోలీసులు రావాలి, సోదాలు జరగాలి, అందులో నీకూ నాకూ తేడా లేదు. ఏజెన్సీ కొండల నుంచి దిగే గంజాయి మన వైజాగ్ మీదుగానే పోతోంది, మా వీధి చివర ఖాళీ స్థలం పక్కనుంచి చీకటి పడ్డాక ఆడపిల్లలు ఒంటరిగా రావడం మానేశారు. మొన్న తెల్లవారకుండానే మా కాలనీని చుట్టుముట్టారు, కార్డన్ సెర్చ్ అన్నమాట. అందరం నిద్రమొహాలతో ఆర్సీలు, ఆధార్ కార్డులు పట్టుకుని గుమ్మాల్లో నిలబడ్డాం. కాగితాల్లేని బళ్ళు తీసుకుపోయారు, సరే. ఎదురింటి మేస్త్రిగారి అబ్బాయి "ఎందుకు సార్" అన్నాడని చెంప పగలగొట్టారు. వాడి దగ్గర ఏమీ దొరకలేదు. మర్నాడు మేస్త్రిగారు ఏమన్నాడో తెలుసా? "ఆ గంజాయోళ్ళు ఎక్కడ కూర్చుంటారో నాకు తెలుసండి, ఇంక చచ్చినా స్టేషన్‌కి చెప్పను."

2020 మేలో డాక్టర్ సుధాకర్ వీడియో పంపింది నువ్వే. నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్లకి మత్తు ఇచ్చే డాక్టరు, మాస్కులు ఇవ్వడం లేదన్నాక సస్పెండైన మనిషి. అక్కయ్యపాలెం దగ్గర హైవే మీద పోలీసులు చేతులు వెనక్కి కట్టేసి లాక్కెళ్ళారు. గొడవ చేశాడన్నారు, తాగాడన్నారు. అనుకుందాం. అదుపు చెయ్యడానికి ఎంత కావాలో అంతే కదా బలం వాడాల్సింది? హైకోర్టు సీబీఐ దర్యాప్తు వెయ్యాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి ఆయన గుండెపోటుతో పోయారు.

అది ఊళ్ళో, అందరి ఫోన్ల ముందు. కొండల మీద ఎవరు వీడియో తీస్తారు? ఏజెన్సీలోని వాకపల్లిలో 2007 ఆగస్టులో కూంబింగ్‌కి, అంటే మావోయిస్టుల కోసం గాలింపుకి వచ్చిన గ్రేహౌండ్స్ ప్రత్యేక పోలీసు దళం వాళ్ళు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోదు గిరిజన మహిళలు చెప్పారు. 2023 ఏప్రిల్లో విశాఖ కోర్టు 13 మంది పోలీసులనూ నిర్దోషులని వదిలేసింది. అదే తీర్పులో దర్యాప్తు సరిగ్గా చెయ్యలేదని తప్పుపట్టి, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. ఒక్కసారి ఆలోచించు. దాదాపు పదహారేళ్ళు తిరిగితే చేతికొచ్చింది ఇది. ఆ ఊళ్ళో రేపు ఇంకేదన్నా జరిగితే ఎవరు కొండ దిగి స్టేషన్‌కి వస్తారు?

"రూల్సన్నీ చూస్తూ కూర్చుంటే దొంగలు దొరకరు" అంటావు, తెలుసు. అసలు రూల్సేమంత కష్టమైనవి? 2024 జూలై నుంచి కొత్త చట్టం ప్రకారం సోదాని వీడియో తియ్యాలి. ఇంట్లో సోదాకి స్థానికులు ఇద్దరు సాక్షులుండాలి. అరెస్టు చేసే అధికారి పేరు స్పష్టంగా కనబడాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. గంజాయి కోసం ఒంటిని వెతికేముందు, గెజిటెడ్ అధికారి ముందో మేజిస్ట్రేట్ ముందో చెయ్యమని అడిగే హక్కు నీకుందని చెప్పాలి. ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం వల్ల నిజంగా సరుకుతో దొరికినవాడూ కోర్టులో బయటపడొచ్చు. రోడ్డు మీద కొట్టిన దెబ్బ వల్ల ఒక్క రోజు శిక్ష కూడా పెరగదు.

మేస్త్రిగారి అబ్బాయి చేత కమిషనర్‌కి అర్జీ పెట్టిద్దామంటే వాళ్ళమ్మ వద్దని ఏడుస్తోంది. నేను బలవంతపెట్టలేదు. మీ బావమరిది ఎస్సై కదా, ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అతన్నడిగి చెప్పు. ఈసారి వచ్చినప్పుడు బీచ్‌రోడ్డులో మురీ మిక్చర్ తింటూ నన్ను ఎంత తిడతావో తిట్టు.

నీ
రమణ