సెఫ్ట్రియాక్సోన్ వాడకంపై తనిఖీ ఏదీ?

సంపాదకులకు,

వానలు మొదలై జ్వరాలు ముసురుకోగానే పల్లెల్లో ఆర్‌ఎంపీలు (డాక్టరు పట్టా లేని ఊరి వైద్యులు) సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు అడ్డూ అదుపూ లేకుండా వాడుతున్నారు. ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైన నేను ఈ సంగతిని మీ పత్రిక ద్వారా ఔషధ నియంత్రణ అధికారుల దృష్టికి తేదలచాను.

మెదడు పొరల వాపు, రక్తంలో ఇన్ఫెక్షన్, ముదిరిన న్యుమోనియా, టైఫాయిడ్ వంటి బాక్టీరియా జబ్బుల్లో ప్రాణం నిలబెట్టే మందు ఇది. డెంగీ వంటి వైరస్ జ్వరాల మీద మాత్రం పనిచేయదు. అయినా టైఫాయిడ్‌కు చేసే వైడాల్ రక్తపరీక్ష కాగితం ఒక్కటి చూసి, రోజుకొకటి చొప్పున రెండు మూడు సూదులు పొడిచి, జ్వరం దిగగానే ఆపేస్తున్నారు. ఎప్పుడో వచ్చి తగ్గిన జబ్బుకు కూడా ఆ పరీక్ష పాజిటివ్ చూపవచ్చు. నిజంగా టైఫాయిడే అయితే ఆ రెండు మూడు రోజుల మందు చాలదు. తొలి డోసుకు ముందే బ్లడ్ కల్చర్‌కు (రక్తంలో బాక్టీరియా ఉందేమో పెంచి చూసే పరీక్షకు) రక్తం తీయాలన్న ఊసే అక్కడ ఉండదు.

మందు వేసే తీరు మరీ భయం పుట్టిస్తుంది. వయల్ (చిన్న మందు సీసా)లోని తెల్లటి పొడిని, కండకు వేసేటప్పుడు నొప్పి తెలియకుండా లిగ్నోకైన్ అనే తిమ్మిరి మందుతో కలుపుతారు. అలా కలిపినదాన్ని పొరపాటున నరానికి ఎక్కిస్తే గుండె లయ తప్పవచ్చు. ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్) సెలైన్‌లో కాల్షియం ఉంటుంది కనుక అందులో ఈ మందు కలిపితే విరిగి రేణువులు కడుతుంది. నవజాత శిశువులు ఈ కారణంగా మరణించిన సందర్భాలు వైద్య చరిత్రలో నమోదై ఉన్నాయి. ఇవేవీ తెలియక, నీరసానికని పెట్టించుకున్న బాటిల్‌లోనే "యాంటీబయాటిక్ కూడా వేసేయండి" అని రోగి బంధువులే అడుగుతుంటారు. అలర్జీతో బీపీ పడిపోతే తొడ కండకు వెంటనే వేయవలసిన అడ్రినలిన్ దగ్గర లేనిచోట అసలు ఈ సిరంజి పట్టుకోకూడదు. చేతి మీద టెస్ట్ డోసు వేసి చూశాం, ఇక ఏమీ కాదనే ధీమా కూడా పనికిరాదు.

తప్పంతా ఆర్‌ఎంపీలదేనని నేననను. పొద్దుగూకాక డాక్టరు దొరకని ఊళ్లో, రేపటి కూలి పోతుందని బెంగపడే మనిషి సూది వేయించుకుంటే త్వరగా లేస్తానని ఆశపడటం సహజమే. కానీ ఈ మందు ఎవరికి పడితే వారికి అమ్మేది కాదు. 2014 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న, ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ హెచ్1 అనే జాబితా ప్రకారం డాక్టరు చీటీ లేకుండా దీన్ని ఇవ్వకూడదు. రాసిన డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం దుకాణదారు ప్రత్యేక రిజిస్టర్‌లో రాసి మూడేళ్లపాటు భద్రపరచాలి. అట్ట మీద ఎర్ర గళ్లలో హెచ్చరిక కూడా ఉంటుంది.

కొత్త చట్టాలేవీ అక్కర్లేదు. డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు మండల కేంద్రాల్లోని మందుల షాపులకు వెళ్లి, హోల్‌సేల్ బిల్లుల ప్రకారం ఎన్ని వయల్స్ వచ్చాయో, రిజిస్టర్‌లో ఎన్నింటికి లెక్క ఉందో సరిచూసి, తేడా వచ్చిన షాపుల వివరాలను ప్రతి నెలా జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి పంపాలని కోరుతున్నాను.

– విశ్రాంత స్టాఫ్ నర్సు, నల్గొండ జిల్లా