పడుకోబెట్టొద్దని చెప్పిన అక్కకు

పోయిన నెల ఒక రాత్రి మా తమ్ముడికి తల బద్దలయ్యేంత నొప్పి వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయింది. నుదుటి మీద చెమట ధార కట్టింది, ముక్కు దిబ్బడేసింది. కాళ్లు మాత్రం పాలిపోయి, చల్లగా, రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. ఏడాది కిందట జరిగిన ప్రమాదంలో వాడి వెన్నుపాము టీ4 దగ్గర, అంటే ఛాతీ భాగంలో పైనుంచి నాలుగో మెట్టు దగ్గర, దెబ్బతింది. ఛాతీ నుంచి కిందికి స్పర్శ లేదు.

తలనొప్పి కదా అని మేం వాణ్ణి పడుకోబెట్టాం. బీపీ చూస్తే పైఅంకె 168. మొదట ఫోన్ చేసిన చోట, టెన్షన్ వల్ల అయ్యుంటుంది, పడుకోనివ్వండి అన్నారు.

అక్కా, అప్పుడు మీరు గుర్తొచ్చారు. వాడు మీ వార్డు నుంచి ఇంటికొచ్చి చాలా నెలలైంది. అయినా అర్ధరాత్రి నా ఫోన్ ఎత్తి, నేను సగం చెప్పేసరికే "ముందు లేపి కూర్చోబెట్టమ్మా, కాళ్లు కిందికి వేలాడనివ్వు, బట్టలు వదులు చెయ్యి, యూరిన్ పైపు చూడు" అన్నారు. పైపు తొడ కింద మడతపడి ఉంది. మడత తీశాను. బీపీ దిగకపోతే వెంటనే అంబులెన్స్ పిలవాలని చెప్పి, మీరు లైన్లోనే ఉన్నారు. రెండు మూడు నిమిషాలకోసారి అంకె చదివించుకున్నారు. 110 అని చెప్పాక గాని ఫోన్ పెట్టలేదు.

మర్నాడు మళ్లీ మీరే ఫోన్ చేసి, నాకు అర్థమయ్యేదాకా విడమరిచి చెప్పారు. దీన్ని అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా అంటారనీ, దెబ్బ టీ6 దగ్గరగానీ ఆపైనగానీ తగిలినవాళ్లకే ఎక్కువగా వస్తుందనీ అప్పుడే తెలిసింది. రక్తనాళాలను బిగించే నాడీకణాలు వెన్నుపాములో ఛాతీ నుంచి నడుము పైభాగం దాకా ఉంటాయి. వాడిలో దెబ్బకు కింద ఉన్నవి బతికే ఉన్నాయి, కానీ మెదడు అదుపు వాటికి అందదు. మూత్రాశయం నిండిపోయిందన్న కబురు పైకి వెళ్లలేక దెబ్బ దగ్గరే ఆగుతుంది. అయితే ఈలోపే ఈ కణాలను రెచ్చగొడుతుంది. పేగుల్లో, కాళ్లలో రక్తనాళాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి, బీపీ ఎగబాకుతుంది. మెడలోని రక్తనాళాల ద్వారా మెదడుకు ఆ సంగతి తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి వెన్నుపాము గుండా పోదు కాబట్టి దానితో మెదడు గుండె వేగం తగ్గించగలదు. దెబ్బకు పైన ఉన్న నాళాలను కూడా వదులు చేయగలదు. ముఖం ఎర్రబడింది అందుకే. అంతకన్నా కిందికి మెదడు మాట చేరదు.

దెబ్బకు కింద నొప్పి వాడికి తెలియకపోయినా ఒంటికి తెలిసిందన్నమాట. ఈ ఒక్క సంగతి ముందే తెలిసుంటే ఆ రాత్రి అంత సమయం పోగొట్టుకునేవాళ్లం కాదు.

ఇలాంటి మనిషి ఇంట్లో ఉన్నవాళ్లు చదువుతారని ఇంకో మాట రాస్తున్నాను. మా వాడి మామూలు బీపీ పైఅంకె 95. వాళ్లలో చాలామందికి అంతే ఉంటుంది. అందుకే మనకు మామూలైన 120 కూడా వాళ్లకు హెచ్చరికే. మలబద్ధకం, ఒకేచోట ఒత్తుకుని పడే పుండు, చర్మంలోకి దిగిన కాలిగోరు, ఏదైనా కారణం కావచ్చు. బీపీ అలాగే వదిలేస్తే పక్షవాతం దాకా వెళ్లొచ్చు.

అక్కా, మీరు చెప్పినట్టే కార్డు రాసి చక్రాల కుర్చీకి కట్టాం. తమ్ముడే తన చేత్తో రాశాడు. మొదటి వరుసలో పెద్ద అక్షరాలతో "నన్ను పడుకోబెట్టవద్దు" అని, దాని కింద వాడి మామూలు బీపీ, ఆ కింద మీ నంబరు.