సంచి ఇరుకైనా పర్లేదు, పెట్టె మాత్రం విశాలంగా ఉండాలి

ఎడిటర్ గారికి,

నమస్కారం. ఆదివారం అనుబంధంలో గేమ్ డిజైన్ చదువుల మీద మీరు వేసిన వ్యాసం శ్రద్ధగా చదివాను. మన పిల్లలు గేములు ఆడటమే కాదు, తయారుచెయ్యడం కూడా నేర్చుకుంటున్నారని ఒక తెలుగు పత్రిక పేజీ మొత్తం ఇచ్చి రాయడం చాలా సంతోషం. ఒక్కచోట మాత్రం మనసు చివుక్కుమంది. సామాన్లు దాచుకునే తెరలాంటి చిన్నాచితకా పనులు కొత్తగా చేరినవాళ్లకు అప్పగిస్తారని ఒక మాట రాశారు. నేను విశాఖలో మొబైల్ గేములు టెస్ట్ చేసే ఉద్యోగంలో ఉన్నాను. రోజంతా నా చేతిలో ఉండేది ఆ తెరే. యాక్షన్ రోల్ ప్లేయింగ్ గేముల్లో అది చిన్న పని కాదు. సగం ఆట అక్కడే నడుస్తుంది.

ఈ గేములు ఆడనివాళ్ల కోసం రెండు ముక్కలు. రాక్షసుల్ని చంపుతాం. వాళ్ల దగ్గర్నుంచి కత్తులు, కవచాలు, ఉంగరాలు రాలతాయి. ఒంటిమీద ఉన్నదానికంటే మంచిదైతే తొడుక్కుంటాం, కాకపోతే అమ్ముకుంటాం, ఇంకా పెద్ద రాక్షసుడి మీదికి వెళ్తాం. వెంట మోసే సంచిని ఇన్వెంటరీ అంటారు. ఊళ్లో దాచుకునే పెట్టె స్టాష్. సంచి ఇరుకుగా ఉండాలి, పెట్టె విశాలంగా ఉండాలి అన్నది నా గట్టి నమ్మకం. చాలా గేములు దీన్ని తిరగేసి చేస్తాయి. కొన్ని రెండింటినీ కావాలనే ఇరుకు చేసి, చోటు అమ్ముకుంటాయి.

1996, 97 సంధిలో వచ్చిన డయాబ్లో అనే గేముతో మొదలుపెడతాను, ఎందుకంటే ఇప్పటికీ అందరూ దాని దారిలోనే నడుస్తున్నారు. అందులో సంచి 10 గళ్ల వెడల్పు, 4 గళ్ల ఎత్తు, మొత్తం 40 గళ్లు. ఉంగరానికి ఒక గడి చాలు, కవచానికి 6 గళ్లు కావాలి. బంగారం కూడా చోటు తినేది, ఒక్కో గడిలో 5,000 నాణేలే పట్టేవి. పెట్టె అసలే లేదు. మరి జనం ఏం చేశారు? ట్రిస్ట్రమ్ అనే ఆ ఊరి నడిబొడ్డున నేలమీదే బంగారం, కత్తులు వరసగా పేర్చుకున్నారు. ఒక్కరే ఆడుకునే ఆటలో అవి ఎక్కడ పెట్టినవి అక్కడే ఉండేవి. దాచుకునే చోటు మనం కట్టివ్వకపోతే ఆటగాడు వీధిలోనైనా కట్టుకుంటాడు. మా ఆఫీసులో కొత్త టెస్టర్లు ఎవరు చేరినా ముందు ఈ కథే చెబుతాను.

2000లో వచ్చిన డయాబ్లో 2లో సంచి మళ్లీ 40 గళ్లే. బంగారానికి మాత్రం గళ్ల బెడద తీసేశారు. 2001లో దాని అనుబంధం, అంటే అదే ఆటకు చేర్చిన అదనపు భాగం, వచ్చినప్పుడు తాయెత్తులు పెట్టారు. నా దృష్టిలో సంచి డిజైన్‌లో అంతకంటే తెలివైన ఆలోచన ఇంతవరకు రాలేదు. తాయెత్తు ఒంటికి తొడుక్కునేది కాదు, సంచిలో ఉంటేనే పనిచేస్తుంది. చిన్నదానికి ఒక గడి, మధ్యరకానికి 2, పెద్దదానికి 3. ప్రతి ఖాళీ గడి ఒక ప్రశ్న అయిపోయింది. ఇక్కడ బలం పెట్టుకుంటావా, దారిలో దొరికేదానికి చోటు ఉంచుకుంటావా? ఎక్కువ తాయెత్తులు పెట్టుకున్నవాడు బాగా కొట్టగలడు, కానీ ఏరుకోలేడు. దీనికి తోడు హొరాడ్రిక్ క్యూబ్ అని ఇంకో వస్తువు. సంచిలో అది తీసుకునేది 4 గళ్లు, దాని లోపల పట్టేవి 12 గళ్లు.

డిగ్రీ రోజుల్లో నెట్ సెంటర్‌లో నలుగురం కలిసి ఆడేవాళ్లం. నా సంచిలో ముప్పావు వంతు తాయెత్తులే. ఒక పెద్ద గుంపును చంపాక విండ్‌ఫోర్స్ విల్లు రాలింది. 2 గళ్ల వెడల్పు, 4 గళ్ల పొడవు. ఆ గేములో సంచి తెరిస్తే ఆట ఆగదు, స్క్రీన్‌లో కుడి సగం మూసుకుపోతుంది. అవతల ఇంకా రాక్షసులు వస్తున్నారు, పక్క కుర్చీలోంచి "తియ్యవే, తియ్యవే" అని అరుపులు. గాయాలు మానడానికి తాగే మందు సీసాలు రెండు బయట పారేసి, క్యూబ్ తెరిచి, అందులో ఉన్న రత్నాలు సంచిలోకి లాగి, విల్లు క్యూబ్‌లో పడేశాను. ఆ టెన్షన్‌లో ఉన్న మజా ఏ కథా సన్నివేశమూ ఇవ్వలేదు. దాన్ని నాకు ఇచ్చింది సంచి ఇరుకే. గళ్లు ఇంకో 60 ఉండి ఉంటే ఆ విల్లు కూడా పదిట్లో ఒకటిగా సంచిలోకి వెళ్లిపోయేది.

అదే గేములో పెట్టె సంగతికి వస్తే ఏడుపొచ్చేది. మొదట 24 గళ్లు, అనుబంధం వచ్చాక 48. అది కూడా ఏ పాత్రకు ఆ పాత్రకే, ఒకరి పెట్టె ఇంకొకరికి తెరుచుకోదు. దాంతో జనం సామాను మొయ్యడానికే అదనంగా పాత్రలు సృష్టించారు, వాటిని మ్యూల్స్ అనేవాళ్లు. ఒక పాత్రతో వస్తువు నేలమీద పడేసి, బయటికి వచ్చి, రెండో పాత్రతో మళ్లీ లోపలికి వెళ్లి తీసుకోవాలి. ఈలోగా ఆ గేమ్ మూతపడితే వస్తువు గోవిందా. పైగా ఆన్‌లైన్‌లో 90 రోజులు ఆడని పాత్రను తీసేసేవారు కాబట్టి ఈ మ్యూల్స్‌ను గుర్తుపెట్టుకుని అప్పుడప్పుడూ పలకరించి రావాలి. దీన్ని ఆట అనగలమా? 2021లో కొత్త హంగులతో మళ్లీ విడుదల చేసినప్పుడు 100 గళ్ల పెట్టె, దానికి తోడు అన్ని పాత్రలూ పంచుకునే అరలు ఇచ్చారు. ఆటలోని కష్టం ఏమీ తగ్గలేదు, గుమాస్తా పని తగ్గింది.

రైతుబజారుకి ఒక్క సంచితో వెళ్తే గోంగూర తీసుకోవాలా, గుమ్మడికాయ తీసుకోవాలా అని ఆలోచిస్తాం, ఆ ఆలోచన బజారులో భాగమే. ఇంటికొచ్చాక వంటింట్లో కూడా అదే ఇరుకు అయితే వంటే మానేస్తాం. బయట ఎదురయ్యే ప్రశ్న 'ఏది కావాలి' అని. ఇంట్లో ఎదురయ్యేది 'ఎక్కడ పెట్టాలి' అని. మొదటిది ఆటగాడికి వదిలెయ్యాలి, రెండోది గేమ్ చూసుకోవాలి.

మరి పెట్టె ఎందుకు పెంచరు? దీనికి సాంకేతిక కారణం నిజంగానే ఉంది, విద్యార్థులకు అది తెలియాలి. మందు సీసాలు వంద ఉన్నా కంప్యూటర్‌కి ఒక పేరు, ఒక అంకె చాలు. కత్తులు అలా కాదు. ఈ గేముల్లో ప్రతి కత్తి వేరే. దాని స్థాయి, దెబ్బ ఎంత, నిప్పు ఎంత, వేగం ఎంత, రంధ్రాలెన్ని, వాటిలో ఏ రత్నం పొదిగారు అన్నీ విడివిడిగా రాసుకోవాలి. 2023లో డయాబ్లో 4 వచ్చినప్పుడు పెట్టె చాలడం లేదని జనం మొత్తుకుంటే, తయారీదారులే బయటికి చెప్పారు: దారిలో వేరే ఆటగాడు ఎదురైతే, అతని పెట్టెలోని సామాను కూడా మన గేమ్ లోడ్ చేసుకుంటోందని. గుర్రం మీద పక్కనుంచి వెళ్లిపోయే మనిషి ఇంట్లో ఏముందో నా మెషిన్‌కి ఎందుకు? పెట్టె తెరిచినప్పుడే అందులోని సామాను తెచ్చుకునేలా మొదటి రోజే కట్టుకోవాలి. ప్రపంచమంతా ఆడటం మొదలుపెట్టాక పునాది మార్చడం ఎంత కష్టమో ఆ గేమ్ చూపించింది.

కొత్తవాళ్లకు అప్పగించే పని అన్నారు కదా, మా దగ్గర చేసే ఒక పరీక్ష చెబుతాను. సంచిలోంచి పెట్టెలోకి వస్తువును వేలితో లాగుతాం. సరిగ్గా వేలు ఎత్తే క్షణంలో ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెడతాం. మళ్లీ నెట్ వచ్చాక మూడింటిలో ఒకటి జరుగుతుంది. వస్తువు ఏదో ఒక్కచోటే ఉంటే పాస్. రెండు చోట్లా లేకపోతే ఒక ఆటగాడి గుండె పగిలినట్టు. రెండు చోట్లా ఉంటే గేమ్ మొత్తం మునిగినట్టు, ఎందుకంటే అరుదైన వస్తువుని ఎవరైనా రెండు, నాలుగు, ఎనిమిది చేసుకుంటూ పోవచ్చు. డయాబ్లో 2 ఆన్‌లైన్ వ్యాపారాన్ని ఇలాంటి నకిలీలే పాడుచేశాయి. వస్తువు సంచిలోంచి తీసెయ్యడం, పెట్టెలో చేర్చడం రెండూ కలిపి ఒకే పనిగా సర్వర్‌లో జరగాలి, లేదంటే రెండూ జరగకూడదు. బ్యాంకులో డబ్బు బదిలీకి ఉన్న జాగ్రత్తే దీనికీ కావాలి.

గళ్ల ఆకారం సంగతి క్లుప్తంగా. డయాబ్లో 3లో వస్తువులకు 1 లేదా 2 గళ్లే, డయాబ్లో 4లో ఈటె అయినా ఉంగరం అయినా ఒక్కటే గడి, సంచిలో 33 గళ్లు. చేతిలో కంట్రోలర్ ఉన్నవాళ్లకు ఇది సుఖమే, కానీ వస్తువుకున్న బరువూ భారీతనమూ కంటికి తెలియకుండా పోయాయి. 2011లో వచ్చిన స్కైరిమ్ అంకెతో బరువు లెక్కపెడుతుంది, 300తో మొదలవుతుంది, దాటితే పరుగెత్తలేం. అంకె చదివితే గానీ తెలియని బరువు నాకు నచ్చదు. ఫోన్‌లో మాత్రం పాత గళ్ల పద్ధతి పెట్టమని నేను అడగను. 5 అంగుళాలో 6 అంగుళాలో ఉండే తెర మీద 40 గళ్లు గీస్తే బొటనవేలి కింద నాలుగు గళ్లు మాయమవుతాయి. లాగుతున్న వస్తువు బొమ్మ వేలికి పైన కనిపించాలి, కింద కాదు. దీనికోసం మా డిజైనర్లతో చాలాసార్లు పోట్లాడాను.

ఇక చెత్త సామాను. 2009లో వచ్చిన టార్చ్‌లైట్‌లో మన వెంట ఒక కుక్కో పిల్లో ఉంటుంది. దాని వీపున అక్కర్లేని సామానంతా కట్టి ఊరికి పంపితే, అది అమ్మేసి డబ్బుతో తిరిగొస్తుంది. అది వెళ్లినంతసేపూ పోరాటంలో మనకు తోడు ఉండదు. ఇందులో ఎంత అందం ఉందో చూడండి! సంచి ఖాళీ చెయ్యడమనే విసుగు పని కూడా ఒక నిర్ణయం అయిపోయింది. ఈ ఆలోచన 2005 నాటి ఫేట్ అనే గేములోనే ఉంది, దాన్ని చేసిన ట్రావిస్ బాల్డ్రీ తర్వాత టార్చ్‌లైట్ చేసిన రూనిక్ గేమ్స్ వ్యవస్థాపకుల్లో ఒకరు. అసలు చెత్తే తక్కువ రాలితే ఇంకా మంచిది. 2014లో డయాబ్లో 3 ఆ పని చేసింది, తక్కువ రాల్చి, రాలినవి పాత్రకు పనికొచ్చేవిగా ఇచ్చింది. సంచి ఊరికే నిండిపోతోందంటే చాలాసార్లు తప్పు సంచిది కాదు, రాలే సామానుది.

చివరగా, ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం. చోటు అమ్మడం. న్యూజిలాండ్ వాళ్లు 2013లో విడుదల చేసిన పాత్ ఆఫ్ ఎక్సైల్ ఉచిత గేమ్. సంచి అందరికీ ఒకటే, 60 గళ్లు. పెట్టెలో 144 గళ్ల అరలు 4 ఉచితం, మిగతావి డబ్బుకి. 576 గళ్ల పెద్ద అర కూడా అమ్ముతారు. కత్తి అమ్మడం కంటే ఇది నయమని చాలామంది అంటారు, అది నిజమే. వాళ్లు దాచిపెట్టి చేసిందీ లేదు. కానీ రాలే రకాలు ఏటేటా పెరుగుతుంటే ఉచిత అరలతో ఎంతకాలం నెట్టుకొస్తాం? 2024లో పూర్తిగా విడుదలైన లాస్ట్ ఇపాక్‌లో గేమ్ ఒక్కసారి కొంటే చాలు. అరలు ఆటలో సంపాదించిన బంగారంతోనే కొనుక్కోవచ్చు. తయారీ సామగ్రి ఒక్క బటన్ నొక్కితే వేరే చోటికి వెళ్లిపోతుంది, సంచిలో కూర్చోదు. నాకు ఈ పద్ధతి చాలా మర్యాదగా అనిపిస్తుంది.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒక చోట, మూడో స్థాయి మధ్యలో సంచి నిండేలా గళ్లు తగ్గించమని మీటింగ్‌లో తేల్చారు. మంచి వస్తువు రాలిన మరుక్షణం 'సంచి నిండింది' అని తెర మీద పడాలి, కిందే కొనుక్కునే బటన్ ఉండాలి, పక్కన గడియారం వెనక్కి తిరుగుతుండాలి. ఆ వస్తువు ఒక నిమిషంలో మాయమవుతుందన్నమాట. ఆడేది ఎక్కువగా అమ్మానాన్నల ఫోన్లు పట్టుకున్న స్కూలు పిల్లలు. ఇది తప్పని రిపోర్టులో రాశాను, పై వాళ్లకు నోటితోనూ చెప్పాను. గేమ్ అలాగే విడుదలైంది. నా విల్లు కోసం నన్ను ఆనందంగా కంగారు పెట్టిన అదే ఇరుకుని, ఒక పిల్లవాడి దగ్గర డబ్బు గుంజడానికి వాడుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అందుకే మీ శీర్షిక వచ్చే భాగాల్లో కళాశాలల వాళ్లను ఈ తెర గురించి అడగమని కోరుతున్నాను. డ్రాగన్ బొమ్మ గీయించే ముందు విద్యార్థి చేత గ్రాఫ్ కాగితం మీద 40 గళ్లు గీయించి, 20 వస్తువులు ఇచ్చి, ఏది పారేస్తావో ఎందుకో రాయమంటున్నారా? వస్తువు వివరాలు తెలుగులో చూపించాల్సి వస్తే ఒత్తులకీ గుణింతాలకీ వరసల మధ్య ఎంత ఎడం కావాలో కొలిపిస్తున్నారా? ఇంగ్లిష్‌కి సరిపోయే పెట్టెలో మన అక్షరాలు పైనా కిందా తెగిపోవడం నేను తరచూ చూస్తున్నాను. చోటు అమ్మడం గురించి తరగతిలో ఏం చెబుతున్నారు? ఈ మూడూ అడిగి, వాళ్ల జవాబులు ఉన్నవి ఉన్నట్టు ప్రచురించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం