శనివారం మీటింగ్: కోరాపుట్ టీమ్‌కు

అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు వందనాలు 🙏

ఈ శనివారం సాయంత్రం 6 గంటలకు అనంతపురంలో మన చర్చి హాల్లోనే కలుస్తున్నాం. ఒడిశాలోని కోరాపుట్ వెళ్లేవాళ్లు తప్పకుండా రావాలి. ఇక్కడే ఉండి ప్రార్థించేవాళ్లు వచ్చినా సంతోషమే.

మాట్లాడుకునేది ఒక్కటే: మన భాష కాని ఊళ్లో పెద్దరికం ఎవరిది? నా మట్టుకు అది అక్కడి సంఘానిదే. వాళ్లు మనకు కుర్చీలు వేసి తాము చాప మీద కూర్చుంటే, మనమూ చాప మీదికే దిగాలి. ఏ పాట పాడాలో, ఎవరు ప్రార్థించాలో వాళ్లనే చెప్పనివ్వండి.

1910లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో వి.ఎస్. అజరయ్య గారు విదేశీ మిషనరీలను అడిగింది స్నేహాన్నే. ఆయన తమిళుడు. తెలుగు నేర్చుకుని తెలుగువాళ్ల మధ్య పనిచేశారు, 1912లో దోర్నకల్ బిషప్ అయ్యారు.

అపొస్తలుల కార్యములు 6:1-7 చదివి రండి. గ్రీకు భాష మాట్లాడే విధవరాళ్లకు భోజనం సరిగా అందడం లేదని సణుగు వచ్చినప్పుడు అపొస్తలులు పెత్తనం తమ దగ్గరే పెట్టుకోలేదు. ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే, చూడండి.

వచ్చేవాళ్లు గురువారం రాత్రికల్లా ఇక్కడే పేరు పెట్టండి, టీకి లెక్క కావాలి. బైబిలు, నోట్‌బుక్ మర్చిపోవద్దు. ఒడియా కొంచెం వచ్చినవాళ్లు పది నిమిషాలు ముందే వస్తే పలకరింపు మాటలు అందరికీ నేర్పొచ్చు.