కూల్చిన ఇళ్ల కలప పొయ్యి పాలు కావలసిందేనా?

సంపాదకులకు నమస్కారాలు.

వరంగల్‌లో మట్టెవాడ, గిర్మాజీపేట వంటి పాత వాడల్లో పెంకుటిళ్లు కూల్చి స్లాబు ఇళ్లు కడుతున్నప్పుడు దర్వాజలను, చెక్కిన తలుపులను పాత సామాను వ్యాపారులు బేరమాడి తీసుకుపోతున్నారు. మూడు నాలుగు అంగుళాల వాసాలు, కిటికీ చట్రాలు, విరిగిన దూలాల ముక్కలు మాత్రం వంటచెరకు కింద తూకానికి పోతున్నాయి. వాటిలో టేకు, నల్లమద్ది, ఏగిస ఉంటాయి. దశాబ్దాల తరబడి కప్పు కింద ఆరిన ఆ చేవ కర్ర, సరిగా ఆరకుండానే అమ్మకానికి వచ్చే కొత్త కలపలా వంకర తిరగదు. సన్నగా ఉన్నాయి కనుక పనికిరావని అనుకోవడమే అసలు చిక్కు.

సన్నని ముక్కలను పక్కపక్కన అతికి వెడల్పు పలక చేయవచ్చు. అందుకు గట్టి బిగింపు కావాలి. ఇంట్లో వడ్రంగం చేసుకునేవారికి పైపు క్లాంపు అనువైనది. ముప్పావు అంగుళం ఇనుప పైపుకు ఒక కొన మర కోయించి, అక్కడ స్క్రూ ఉన్న తలను బిగించి, రెండో వైపు నుంచి జరిగే దవడను తొడిగితే సరిపోతుంది. పైపు ఎంత పొడవైతే పట్టు అంత పొడవు కనుక, బల్లకు నాలుగడుగుల పైపు, తలుపుకు ఏడడుగుల పైపు మార్చుకుంటూ అవే తలలు వాడుకోవచ్చు.

క్లాంపులు లేనప్పుడు నేను నులక తాడు చుట్టి, కర్రతో మెలిపెట్టి బిగించిన బల్ల మొదటి ఎండాకాలానికే అతుకు దగ్గర విచ్చుకుంది. క్లాంపులు వచ్చాక ఇంకో తప్పు చేశాను. తడి జిగురుతో ఉన్న నల్లమద్ది పలకకు ఇనుప పైపు ఆనుకుని, తెల్లవారేసరికి అడ్డంగా నల్లని చారలు పడ్డాయి. ఎంత చిత్రిక పట్టినా పూర్తిగా పోలేదు. కర్రలోని వగరు, నీటి తడి, ఇనుము కలిస్తే నలుపు తేలుతుంది. కరక్కాయ రసంలో ఇనుము నానబెట్టి సిరా చేసుకున్న మన పెద్దలకు తెలిసిన ఈ సంగతి నాకు పలక పాడయ్యాక గుర్తొచ్చింది. ఇప్పుడు పైపుకూ కర్రకూ నడుమ ప్లాస్టిక్ కాగితం పరుస్తున్నాను. క్లాంపులన్నీ ఒకే వైపు వేస్తే పలక విల్లులా వంగుతుంది కనుక, అడుగుకొకటి చొప్పున ఒకటి పైన, ఒకటి కింద వేయాలి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి అంచులను చిత్రిక పట్టిన రోజే జిగురు రాయడం మంచిది.

చిత్రిక పట్టే ముందు అయస్కాంతంతో మేకులు వెతకకపోతే బ్లేడు పోతుంది. అంతకన్నా జాగ్రత్త పడవలసింది పాత రంగు విషయంలో. ఇళ్ల రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించరాదన్న నిబంధన 2017 నవంబరులో గానీ అమలులోకి రాలేదు. కాబట్టి పాత తలుపుల రంగును పిల్లలు తిరిగే చోట పొడిగా రుద్దకూడదు.

ఐటీఐల కార్పెంటర్ ట్రేడులో పాత కలపను శుభ్రం చేసి అతికే పనిని కూడా చేయించాలని, ఇల్లు కూల్చేవారు కలపను తూకానికి వేసే ముందు ఒకసారి వడ్రంగికి చూపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, వరంగల్