విషయం: తెర మీద 5.0, స్క్రిప్టు లోపల 3.0 – మీ ఏరేటర్ కంట్రోలర్ పెట్టెపై ఫిర్యాదు

ఉండి మండలం,
పశ్చిమ గోదావరి జిల్లా.

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం.

నేను మీ దగ్గర ఏరేటర్లు (చెరువు నీటిలోకి గాలి ఎక్కించే యంత్రాలు) నడిపే కంట్రోలర్ పెట్టె కొన్న రైతుని. మాకు రెండు చెరువులు, వనామీ రొయ్యల సాగు. సాగులోకి దిగకముందు హైదరాబాద్‌లో ఆరేళ్లు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ప్రోగ్రాములు రాసి బతికాను. ఏరేటర్లు ఎప్పుడు తిరగాలో మీ పెట్టెకి చెప్పే స్క్రిప్టు (చిన్న ప్రోగ్రామ్) కూడా ఆ భాషలో నేనే రాసుకున్నాను. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మీ సర్వీస్ వాళ్లు ఫోన్‌లో రెండుసార్లు "మీ స్క్రిప్టులో తప్పుందండి, ఒకసారి చూసుకోండి" అన్నారు. చూసుకున్నాను. తప్పు నా స్క్రిప్టులో లేదు, మీ పెట్టెలో ఉంది. ఎక్కడుందో ఈ ఉత్తరంలో చూపిస్తాను.

పోయిన నెల మూడు రోజులు వరసగా ముసురు పట్టింది. పంటకి అరవై రోజులు దాటాయి. ఎండ లేకపోతే నీళ్లలోని పచ్చదనం పగలు ఆక్సిజన్ తయారు చేయలేదు, రాత్రయితే రొయ్యతో పోటీపడి తనూ పీలుస్తుంది. తెల్లవారుజాముకి డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, అడుగంటుతుంది. చెరువు గట్టు మీద పెరిగిన ఎవరికైనా తెలిసిన విషయమే. అందుకే మూడో రోజు సాయంత్రం మీ పెట్టె తెర మీద డీవో లిమిట్‌ని 3.0 నుంచి 5.0కి పెంచాను. డీవో 5 పీపీఎం కిందికి రాగానే ఏరేటర్లన్నీ తిరగాలని నా ఏర్పాటు. తెర మీద 5.0 అని వచ్చింది. నాన్నగారికి చూపిద్దామని ఫొటో కూడా తీశాను. ఆ ఫొటో జతచేశాను.

రాత్రి మూడింటికి కాపలా పెద్దాయన ఫోన్ చేశాడు. "బాబుగారూ, రొయ్య పైకొచ్చేసిందండి. ఏరేటర్లు ఇప్పుడే తిరగడం మొదలెట్టాయండి, బేగా రండి."

టార్చి పట్టుకుని వెళ్లేసరికి గట్టు వారగా రొయ్యలు గుంపులు కట్టి, నీటి అంచున మీసాలు పైకి పెట్టి ఉన్నాయి. టార్చి వెలుగులో కళ్లు ఎర్రగా నిప్పురవ్వల్లా మెరుస్తున్నాయి. మామూలుగా వెలుగు పడితే ఎగిరి పారిపోయే రొయ్య, ఆ రాత్రి నేను చెయ్యి పెట్టి తీసినా కదల్లేదు. ఆక్సిజన్ ట్యాబ్లెట్లు చల్లాం, రెండో చెరువులో ఏరేటరు ఒకటి విప్పి తెచ్చి దింపాం. తెల్లారాక వల వేసి తీస్తే చచ్చిన రొయ్య పదకొండు ట్రేలయింది. నాన్నగారు ట్రేలు లెక్కపెట్టి, ఏమీ అనకుండా ఇంటికి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం లాగ్ తెరిచాను. అర్ధరాత్రి దాటి ఇరవై నిమిషాలకి ఇలా ఉంది: డీవో 4.8, లిమిట్ 3.0, ఏరేటర్ ఆఫ్. రెండు గంటల యాభై నిమిషాలకి: డీవో 2.9, లిమిట్ 3.0, ఏరేటర్ ఆన్. మధ్యలో రెండున్నర గంటలు. తెర మీద 5.0 వెలుగుతూనే ఉంది, స్క్రిప్టు మాత్రం 3.0 అనుకుంటూనే ఉంది.

మీ మాన్యువల్‌లో తెర మీద మార్చిన ప్రతి సెట్టింగూ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (నడుస్తున్న ప్రోగ్రామ్ వెంట ఉండే పేరు-విలువ జాబితాలో ఒకటిగా) స్క్రిప్టుకి వెంటనే అందుతుందని రాశారు. ఆ మాట నమ్మే, నిమిషానికోసారి, పైథాన్‌లో ఆ జాబితా చూపే ఓఎస్ డాట్ ఎన్విరాన్ నుంచి లిమిట్ చదివే స్క్రిప్టు రాశాను. కానీ అది నిజం కాదు. మీ మెయిన్ ప్రోగ్రామ్ సీ భాషలో రాసింది, పైథాన్ స్క్రిప్టుని నడిపే ఇంటర్‌ప్రెటర్ దాని కడుపులోనే నడుస్తుంది. రెండూ ఒకే ప్రాసెస్, అంటే కంప్యూటర్ లెక్కలో నడుస్తున్న ఒకే ప్రోగ్రామ్. తెర మీద అంకె మారిస్తే మీ సీ ప్రోగ్రామ్ విలువ మార్చే సెట్‌ఎన్‌వీ ఫంక్షన్‌ని పిలుస్తుంది, ప్రాసెస్ ఎన్విరాన్‌మెంట్‌లో కొత్త విలువ పడుతుంది. పైథాన్ మాత్రం తను మొదలయ్యేటప్పుడే, ఓఎస్ మాడ్యూల్ లోడ్ అవుతుండగా, ఎన్విరాన్‌మెంట్ మొత్తానికి ఒక నకలు తీసి పెట్టుకుంటుంది. ఆ తర్వాత స్క్రిప్టు చదివేదల్లా ఆ నకలే. మీసేవలో తీసుకున్న అడంగల్ లాంటిదన్నమాట, ఆఫీసులో రికార్డు మర్నాడు మారినా మన చేతిలో కాగితం మారదు. స్క్రిప్టు తనంతట తాను ఓఎస్ డాట్ ఎన్విరాన్‌లో ఏదైనా మారిస్తే అది ప్రాసెస్‌కి చేరుతుంది. బయట సీ కోడ్ చేసిన మార్పు మాత్రం లోపలికి రాదు. పైథాన్ డాక్యుమెంటేషన్‌లోనే ఈ సంగతి రాసి ఉంది.

మీ ఇంజనీరు గారు విలువ చదివే ఓఎస్ డాట్ గెట్‌ఎన్‌వీ అనే ఫంక్షన్ వాడి చూడమన్నారు. పేరు సీ లైబ్రరీలోదిలా ఉన్నా అది వెతికేది ఆ నకల్లోనే. వాడి చూశాను కూడా, 3.0 అనే వచ్చింది.

ఇది నా ఊహ కాదని తెలియడానికి ఒక పరీక్ష చేశాను. మీరూ చేయవచ్చు, ఐదు నిమిషాల పని. పెట్టె నడుస్తుండగా తెర మీద లిమిట్ మార్చాను. స్క్రిప్టులో ఒక లైను ఓఎస్ డాట్ ఎన్విరాన్ విలువ రాస్తుంది. దాని కింది లైను సబ్‌ప్రాసెస్ ద్వారా, ఎన్విరాన్‌మెంట్ విలువలు చూపే ప్రింట్‌ఎన్‌వీ అనే విడి ప్రోగ్రామ్ నడిపి, వచ్చింది రాస్తుంది. ఒకే నిమిషంలో మొదటిది 3.0, రెండోది 5.0. ఎన్విరాన్‌మెంట్ విడిగా ఇవ్వకుండా పుట్టించిన పిల్ల ప్రాసెస్‌కి తల్లి ప్రాసెస్‌లోని అసలు విలువలు వెళ్తాయి, కాబట్టి దానికి కొత్త అంకె తెలిసింది. తల్లి లోపల నడుస్తున్న నా స్క్రిప్టుకి తెలియలేదు. పైథాన్ నుంచి సీ ఫంక్షన్లు పిలిచే సీటైప్స్‌తో సీ లైబ్రరీలోని గెట్‌ఎన్‌వీని నేరుగా పిలిస్తే అదీ 5.0 అంది. రెండు పరీక్షల లాగులూ పంపుతున్నాను.

"పెట్టె ఆఫ్ చేసి ఆన్ చేస్తే సరిపోతుంది" అని మీ వాళ్లు అన్నారు. నిజమే, మళ్లీ మొదలైతే పైథాన్ కొత్త నకలు తీసుకుంటుంది. మీరు అమ్మే ముందు పరీక్షించినప్పుడు ఈ లోపం పట్టుబడకపోవడానికి కూడా కారణం అదే అయి ఉంటుందని నా అనుమానం. కానీ సెట్టింగ్ మార్చాక ఆఫ్ చేసి ఆన్ చేయాలన్న మాట మాన్యువల్‌లో ఒక్కచోటా లేదు.

దిద్దుబాటు గురించి కూడా ఆలోచించాను. 2025లో వచ్చిన పైథాన్ 3.14లో ఓఎస్ డాట్ రీలోడ్_ఎన్విరాన్ అనే ఫంక్షన్ చేర్చారు, అది పిలిస్తే నకలు తాజా అవుతుంది. మీ పెట్టెలో ఉన్నది 3.9. కొత్త వెర్షన్ పెట్టేస్తే చాలనుకోకండి, ఆ ఫంక్షన్ థ్రెడ్‌ల (ఒకే ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనుల) మధ్య సురక్షితం కాదని డాక్యుమెంటేషన్ హెచ్చరిస్తోంది. ఒక థ్రెడ్ సెట్‌ఎన్‌వీ చేస్తుండగా ఇంకోటి చదివితే సీ లైబ్రరీ స్థాయిలోనే ప్రోగ్రామ్ కూలిపోవచ్చు. మీ ప్రోగ్రామ్‌లో సెన్సర్‌కి వేరే థ్రెడ్ ఉంది. అర్ధరాత్రి పెట్టె మొత్తం ఆగిపోవడం నేను చూసినదానికన్నా ఘోరం. టీసీఎల్ అనే మరో కంప్యూటర్ భాషలో ఎన్విరాన్‌మెంట్ చదివిన ప్రతిసారీ ప్రాసెస్ నుంచి తాజా విలువ తెచ్చే ఏర్పాటు ఉంది, పైథాన్‌లో అది లేదు. అసలు ఎన్విరాన్‌మెంట్ అనేది ప్రాసెస్ పుట్టేటప్పుడు చేతికిచ్చి పంపే సరంజామా. నడుస్తున్న రెండు భాగాలు కబుర్లు పంపుకునే చోటు కాదు. లిమిట్ ఎంతో స్క్రిప్టు అడిగితే మీ సీ ప్రోగ్రామ్ నేరుగా జవాబిచ్చే ఫంక్షన్ ఒకటి ఇవ్వండి. అది మీకు పెద్ద పని కాదు.

కాబట్టి, తప్పు పెట్టెదేనని నాకు రాతపూర్వకంగా చెప్పండి. ఆ ఫంక్షన్‌తో అప్‌డేట్ ఇవ్వండి, అది వచ్చేదాకా మాన్యువల్‌లో ఆ వాక్యం తీసేయండి. పదకొండు ట్రేల రొయ్యకి ఆ వారం కొనుగోలుదారు ఇచ్చిన కౌంట్ రేటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్నదాన్ని బట్టి కట్టే ధర) ప్రకారం లెక్క వేసి జతచేశాను, అది చెల్లించండి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఇది వ్యాపారానికి కొన్న సరుకు అని మీరు అనవచ్చు. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్న వస్తువు వ్యాపార ప్రయోజనం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. చెరువు తప్ప మా ఇంటికి వేరే ఆదాయం లేదు.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఒకటుంది. ఆకివీడు, కాళ్ళ వైపు మీ పెట్టె వాడుతున్నవాళ్లు నాకు తెలిసినంతవరకు నలుగురు. వాళ్ల చెరువుల దగ్గరికి వెళ్లి, సెట్టింగ్ మార్చాక పెట్టె ఆఫ్ చేసి ఆన్ చేయమని చెప్పి వచ్చాను. మిగతా కొనుగోలుదారుల ఫోన్ నంబర్లు మీ దగ్గరే ఉన్నాయి. ఆ ఒక్క ముక్క తెలుగులో వాళ్లందరికీ ఈరోజే మెసేజ్ పంపండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు,
రొయ్యల రైతు